1935 పోలండ్ రాజ్యాంగం: 260 ఓట్లు సరిపోయాయా, లేదా?

పాతబస్తా అడిగారు:

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య పోలండ్‌లో రెండు పూర్తి రాజ్యాంగాలు వచ్చాయి. ఒకటి 1921 మార్చి 17ది, రెండోది 1935 ఏప్రిల్ 23ది. మధ్యలో 1926 ఆగస్టు 2న ఒక సవరణ. మొదటిదాంట్లో ప్రెసిడెంటు దాదాపు రబ్బరు స్టాంపు. చివరిదాంట్లో దేవుడికీ చరిత్రకీ తప్ప ఇంకెవరికీ జవాబు చెప్పక్కర్లేని మనిషి. ఇక్కడిదాకా అర్థమైంది.

నాకు కుదరనిది లెక్క. సెయ్మ్ (కింది సభ)లో 444 సీట్లు. రాజ్యాంగం మార్చాలంటే మూడింట రెండొంతులు, అంటే 296. పిల్సుద్‌స్కీ మద్దతుదారుల ప్రభుత్వ కూటమి బీబీడబ్ల్యూఆర్‌కి 1930 ఎన్నికల్లో వచ్చినవి 247. 1935 మార్చి 23న జరిగిన చివరి ఓటింగ్‌లో అనుకూలం 260, వ్యతిరేకం 139. 260తో రాజ్యాంగం ఎలా పాసైంది? ఎవరూ అడ్డుపడలేదా?

ఇంకోటి. 1926 సవరణ చిన్నదేనని చాలాచోట్ల రాస్తారు. మరి ఆ తర్వాత సెయ్మ్‌కి కాళ్ళూ చేతులూ కట్టేసినట్టు ఎందుకైంది? అందులో అంత పదునైన క్లాజు ఏది?

గెజిట్_గుమాస్తా:

ముందు ఆ 296 కొట్టేయండి. 1921 రాజ్యాంగం 125వ అధికరణం మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతులు అడగలేదు. మొత్తం సభ్యుల్లో కనీసం సగం మంది, అంటే 222 మంది సభలో ఉండాలి. పోలైన ఓట్లలో మూడింట రెండొంతులు రావాలి. అంతే. మన రాజ్యాంగం 368వ అధికరణంలో ఉన్నట్టు ‘మొత్తం సభ్యత్వంలో సగానికి మించి’ అనే రెండో గేటు అక్కడ లేదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాతి తంతంతా దీని మీదే నడిచింది.

మార్చి 23న పోలైనవి 260, 139 కలిపి 399. వాటిలో మూడింట రెండొంతులు 266. ఆరు తక్కువ. అంటే మీ అనుమానం సరైనదే, అంకె ఒక్కటే తప్పు.

ఆరు తక్కువైనా పాసైనట్టు ఎలా ప్రకటించారంటే, ఆ రోజు సెయ్మ్ ఓటేసింది రాజ్యాంగం మీద కాదు, సెనేట్ పంపిన సవరణల మీద అని ప్రభుత్వ పక్షం వాదించింది. 35వ అధికరణం ప్రకారం సెనేట్ సవరణల్ని ఒప్పుకోవాలంటే సెయ్మ్‌లో మామూలు మెజారిటీ చాలు. తోసిపుచ్చాలంటే 20లో 11 వంతుల ఓట్లు కావాలి. అసలు బిల్లు 1934 జనవరి 26నే మూడింట రెండొంతులతో గట్టెక్కింది, ఇప్పుడు మిగిలింది సవరణలే, వాటికి 260 ఎక్కువే అన్నది వాళ్ళ లెక్క.

ప్రతిపక్షం ఏమందంటే, 35 మామూలు చట్టాలకి, రాజ్యాంగం మార్పుకి 125 తప్ప ఇంకో దారి లేదు. సెనేట్ తిరగరాసిన పాఠం కూడా రాజ్యాంగ పాఠమే కదా, దానికీ రెండొంతులు కావాల్సిందే. నాకైతే ఇదే నిలబడే వాదన. లేకపోతే డొల్ల బిల్లు ఒకటి రెండొంతులతో పాస్ చేయించుకుని, సెనేట్‌లో కావలసినంత నింపించుకుని, మామూలు మెజారిటీతో ఇంటికి తెచ్చుకోవచ్చు.

అసలు ఆ జనవరి 26 వ్యవహారమే ఇంకో కథ. ఆ రోజు సభ ముందుకొచ్చింది బిల్లు కాదు, ‘రాజ్యాంగ సూత్రాలు’ అన్న పేరుతో ఉన్న కాగితం. సూత్రాల మీద చర్చ జరుగుతుంది, తర్వాతెప్పుడో బిల్లు వస్తుంది అని అందరూ అనుకున్నారు. సోషలిస్టులు, రైతు పార్టీ, జాతీయవాదులు ఈ చర్చలో మేం పాల్గొనం అని నిరసన చెప్పి హాలు బయటికి వెళ్ళిపోయారు. లోపల మిగిలింది ప్రభుత్వ కూటమే. కూటమికి 247, కోరం 222. అంటే కోరానికి ప్రతిపక్షం అక్కర్లేదు. ప్రతిపక్షం బయట ఉంటే రెండొంతులు కూడా దానంతటదే వస్తుంది.

కమిటీ తరఫున మాట్లాడుతున్న డిప్యూటీ స్పీకర్ స్తానిస్లావ్ త్సార్ ఈ సంగతి పట్టుకున్నాడు. సూత్రాలు ఎలాగూ అధికరణాల రూపంలోనే ఉన్నాయి కాబట్టి వీటినే బిల్లుగా తీసుకుందాం, రెండో రీడింగ్, మూడో రీడింగ్ ఇప్పుడే కానిద్దాం అన్నాడు. స్పీకర్ కజిమియెష్ స్విటాల్‌స్కి ఓటింగ్‌కి పెట్టాడు. జాతీయవాదుల్లో స్తానిస్లావ్ స్త్రోన్‌స్కి హాల్లోనే ఉండి అభ్యంతరం చెప్పాడు. అదే 125వ అధికరణంలో ఇంకో షరతు ఉంది: సవరణ ప్రతిపాదన మీద సభ్యుల్లో నాలుగో వంతు, అంటే 111 మంది సంతకాలుండాలి, కనీసం 15 రోజుల ముందు తెలియజేయాలి. సూత్రాలు బిల్లుగా మారింది ఆ సాయంత్రమే, 15 రోజులెక్కడివి? అభ్యంతరం గాలికి పోయింది. బయటున్నవాళ్ళు విని పరిగెత్తుకొచ్చేసరికి పని అయిపోయింది.

పోలిష్‌లో ‘త్సార్’ అంటే జార్ చక్రవర్తి అని కూడా అర్థం. రష్యా జార్‌ని ‘సార్వభౌమ ప్రభువు’ అనే వరసలో ఈయన్ని ‘వ్యాఖ్యాన ప్రభువు’ అని వెక్కిరించేవాళ్ళు. చట్టంలో ఏ మాటకైనా ప్రభుత్వానికి కావలసిన అర్థం తీయగలడని.

ఈ ఎత్తు, 1926 తిరుగుబాటు నుంచి దేశాన్ని నడిపిస్తున్న మార్షల్ పిల్సుద్‌స్కీకే అంతగా నచ్చలేదు. ఇలాంటి చట్టం ఇలా దొంగచాటుగా పాసవడం మంచిది కాదు, సెనేట్‌లో తొందరపడకుండా చేయండి అన్నాడు. అందుకే సెనేట్‌లో దాదాపు ఏడాది పట్టింది, 1935 జనవరి 16న పాసైంది. ఇక్కడే తమాషా. పరువు కోసం సెనేట్‌లో నింపాదిగా సవరణలు చేశారు. సవరణలు చేసినందుకు బిల్లు మళ్ళీ సెయ్మ్‌కి రావాల్సి వచ్చింది. ఈసారి ప్రతిపక్షం హాల్లోనే కూర్చుంది. ఆ ఆరు ఓట్ల లోటు అలా బయటపడింది.

నాలుగో_రీడింగ్:

రెండో ప్రశ్నకి నా వంతు. 1926 సవరణలో ఒక్క క్లాజు మీద వేలు పెట్టి ఇదే పదును అనలేం. అయినా అంతకుముందు ఏముందో చూస్తే తేడా తెలుస్తుంది.

1921 పాఠం ప్రకారం సెయ్మ్‌ని రద్దు చేయాలంటే ప్రెసిడెంటుకి సెనేట్ సభ్యుల్లో ఐదింట మూడొంతుల ఒప్పుదల కావాలి. 111 మందిలో 67 మంది. సెయ్మ్ రద్దయితే సెనేట్ కూడా దానితోపాటే రద్దవుతుంది. అంటే 67 మంది తమ కుర్చీలు తామే ఎత్తేసుకోవాలి. ఎవరొప్పుకుంటారు? ఆ క్లాజు కాగితం మీదే ఉండిపోయింది. వీటో లేదు. ప్రతి ఉత్తర్వు మీదా ప్రధాని, సంబంధిత మంత్రి సంతకాలుండాలి. సైన్యాలకి పేరుకి అధిపతే కానీ, 46వ అధికరణం ప్రకారం యుద్ధం వస్తే నాయకత్వం చేయకూడదు. పిల్సుద్‌స్కీ ప్రెసిడెంటవుతాడని భయపడ్డ జాతీయవాదులు ఆయన కొలతలకి సరిపోకుండా కుట్టిన కోటు ఇది. ఆయన 1922లో పోటీకే రాలేదు.

1926 మే 12 నుంచి 14 దాకా పిల్సుద్‌స్కీ నడిపిన తిరుగుబాటులో 379 మంది చనిపోయారు. ప్రెసిడెంటు వోయ్చెహోవ్‌స్కి, ప్రధాని విటోస్ ఇద్దరూ దిగిపోయారు. మే 31న రెండు సభలూ కలిసి పిల్సుద్‌స్కీని 292 ఓట్లతో ప్రెసిడెంటుగా ఎన్నుకున్నాయి, ప్రత్యర్థి బ్నిన్‌స్కికి 193. ఆయన వద్దన్నాడు. కోటు ఇంకా పాతదే కదా. మర్నాడు కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఇగ్నాత్సీ మోష్చిత్స్కిని ఎన్నుకున్నారు. పిల్సుద్‌స్కీ యుద్ధ శాఖ, సైన్యం తన దగ్గర ఉంచుకున్నాడు.

ఇక ఆగస్టు సవరణ. మంత్రివర్గం కారణం చూపించి అడిగితే ప్రెసిడెంటు రెండు సభల్నీ రద్దు చేయొచ్చు. అదే కారణంతో రెండోసారి కుదరదు. 90 రోజుల్లో ఎన్నికలు. సెయ్మ్ తనను తాను రద్దు చేసుకునే హక్కు పోయింది. సభ లేని కాలంలో అత్యవసరమైతే ప్రెసిడెంటు చట్టంతో సమానమైన డిక్రీలు తీయొచ్చు, సెయ్మ్ చట్టం చేసి అప్పగిస్తే మిగతా కాలంలోనూ తీయొచ్చు. కొత్త సమావేశం మొదలైన 14 రోజుల్లో వాటిని సెయ్మ్ ముందు పెట్టాలి, పెట్టకపోయినా సెయ్మ్ తోసిపుచ్చినా చెల్లవు. బడ్జెట్‌కి గడియారం పెట్టారు: ప్రభుత్వం ఆర్థిక సంవత్సరానికి ఐదు నెలల ముందు ఇస్తే సెయ్మ్‌కి మూడున్నర నెలలు, సెనేట్‌కి 30 రోజులు. ఆలోగా తేల్చకపోతే ప్రభుత్వం ఇచ్చిన ముసాయిదానే చట్టంగా ప్రకటించొచ్చు. అవిశ్వాసం పెట్టిన సిట్టింగ్‌లోనే ఓటింగ్ కుదరదు, ఇంకో రోజు పెట్టాలి.

చదివితే ఏదీ దారుణంగా అనిపించదు. మరి ఎక్కడ తిరగబడింది? రెండు నెలలు తిరక్కుండానే కనిపించింది. సెప్టెంబరు 24న సెయ్మ్ ఇద్దరు మంత్రుల మీద, విద్యాశాఖ సుయ్‌కోవ్‌స్కి, హోంశాఖ మ్లోద్జియనోవ్‌స్కి మీద అవిశ్వాసం నెగ్గించింది. రాజ్యాంగం ప్రకారం వాళ్ళు దిగిపోవాలి. ప్రధాని బార్టెల్ ఇద్దర్నే కాదు, మొత్తం మంత్రివర్గంతో రాజీనామా ఇచ్చాడు. మూడు రోజులకి ప్రెసిడెంటు అదే ప్రధానిని, ఆ ఇద్దరితో సహా అదే మంత్రివర్గాన్ని మళ్ళీ నియమించాడు. దిగిపోవాలని రాసుంది, మళ్ళీ నియమించకూడదని ఎక్కడా రాసి లేదు. దీన్ని తీర్చే రాజ్యాంగ కోర్టూ లేదు.

రెండో పనిముట్టు క్యాలెండర్. 25వ అధికరణం: సాధారణ సమావేశం ఏటా అక్టోబరులో పిలవాలి. సభ్యుల్లో మూడో వంతు అడిగితే రెండు వారాల్లో ప్రత్యేక సమావేశం పిలవాలి. ప్రెసిడెంటు సమావేశాన్ని 30 రోజులదాకా వాయిదా వేయొచ్చు, అంతకుమించితే సెయ్మ్ అనుమతి కావాలి. ‘పిలవాలి’ అని ఉంది, ‘కూర్చోబెట్టాలి’ అని లేదు. 1927లో అక్టోబరు 31న పిలుపు ఇచ్చారు, ఆ పిలుపు మీద సభ్యులు వచ్చాక నవంబరు 28 దాకా వాయిదా వేశారు. నవంబరు 28తో ఆ సెయ్మ్ ఐదేళ్ళ గడువే అయిపోయింది. 1930 వేసవిలో ప్రతిపక్షం సంతకాలు పోగుచేసి ప్రత్యేక సమావేశం అడిగితే, పిలిచి నెల వాయిదా వేశారు, నెల అయ్యాక ముగించేశారు. ఒక్క గడువూ తప్పలేదు. ఒక్క చర్చా జరగలేదు.

మూడోది గెజిట్. సెయ్మ్ 1927 ప్రెస్ డిక్రీని తోసిపుచ్చితే ప్రభుత్వం ఆ తీర్మానాన్ని చట్టాల గెజిట్‌లో అచ్చు వేయలేదు. అచ్చు కానిది అమల్లోకి రాలేదు, కాబట్టి డిక్రీ బతికే ఉంది అన్నారు. సవరణ రాసినవాళ్ళు ‘సెయ్మ్ తోసిపుచ్చితే చెల్లదు’ అన్నారే గానీ, ఆ సంగతి ఎవరు, ఎన్ని రోజుల్లో అచ్చు వేయాలో రాయలేదు. నా దృష్టిలో మొత్తం సవరణలో పెద్ద రంధ్రం ఇదే.

అభ్యంతరం_అధ్యక్షా:

ఇద్దరూ బాగా రాశారు గానీ, ఇదంతా కాగితాల ఆటే అనుకునేలా ఉంది. 247 సీట్లు అధికరణాల్లోంచి రాలేదు కదా.

1928 ఎన్నికల్లో బీబీడబ్ల్యూఆర్ జాబితాకి 122 సీట్లే వచ్చాయి. ఆ ప్రచారానికి ఖజానా నుంచి 80 లక్షల జ్లోటీలు మళ్ళాయి. బడ్జెట్ దాటి చేసిన ఖర్చు మొత్తం 56 కోట్ల జ్లోటీలు పైచిలుకు. దాని మీద ఆర్థికమంత్రి చెహోవిచ్‌ని 1929లో మంత్రుల్ని విచారించే రాజ్య ట్రిబ్యునల్ ముందుకి తెచ్చారు. ముందు ఆ ఖర్చు తప్పో ఒప్పో సెయ్మ్ తేల్చాలని ట్రిబ్యునల్ వాయిదా వేసింది. ఇక మళ్ళీ కదల్లేదు. అదే ఏడాది అక్టోబరు 31న సెయ్మ్ భవనంలోకి సైనికాధికారులు గుంపుగా వచ్చి నిలబడితే, కత్తులు, తుపాకుల నీడలో సభ తెరవనని స్పీకర్ దషిన్‌స్కి మొండికేశాడు. ప్రెసిడెంటు వెంటనే 30 రోజుల వాయిదా వేశాడు. క్యాలెండర్ పనిముట్టు అంటే ఇదీ, పక్కన కత్తి ఉంటేనే పనిచేసింది.

తర్వాత 1930. ఆగస్టు 30న సభలు రద్దు. సభ లేకపోతే సభ్యులకి అరెస్టు నుంచి రక్షణ లేదు. సెప్టెంబరు 9 రాత్రి తెల్లారేలోగా ప్రతిపక్ష నాయకుల్ని ఎత్తుకెళ్ళి బ్రెష్చ్ కోటలోని సైనిక జైల్లో పెట్టారు. మూడుసార్లు ప్రధానిగా చేసిన విటోస్ కూడా వాళ్ళలో ఉన్నాడు. నవంబరులో ఎన్నికలు. చాలా నియోజకవర్గాల్లో ప్రతిపక్ష జాబితాలు కొట్టేశారు. ఇంత చేసినా 247 దగ్గరే ఆగారు.

ఒక సంగతి ఎవరూ చెప్పలేదు. 125వ అధికరణంలోనే ఇంకో వెసులుబాటు ఉంది. ఈ రాజ్యాంగం కింద ఎన్నికైన రెండో సెయ్మ్ మాత్రం సెనేట్‌తో పని లేకుండా, ఐదింట మూడొంతుల ఓట్లతో రాజ్యాంగాన్ని సవరించుకోవచ్చు. రెండో సెయ్మ్ అంటే 1928ది. దాంట్లో కూటమికి బలం లేదు. 1930 దాంట్లో బలం దగ్గరికొచ్చింది, కానీ అది మూడో సెయ్మ్. 1930లో రద్దు చేసినప్పుడు ఆ సులువు దారిని వాళ్ళే మూసుకున్నారు. త్సార్ జనవరి ఎత్తు అవసరమైంది అందుకే.

పాతబస్తా:

266 లెక్క స్పష్టమైంది, అందరికీ థాంక్స్. ఇప్పుడు ఇంకో ముడి. 1935 పాఠంలో రాజ్యాధికారం అంతా ఒక్కటే, విడదీయరానిది, అది ప్రెసిడెంటులో ఉంటుంది అని రాసుంది. ప్రభుత్వం, సెయ్మ్, సెనేట్, సైన్యం, కోర్టులు, ఆడిట్ అన్నీ ఆయన కింద. అంత అధికారం చేతిలో పెట్టుకుని మోష్చిత్స్కి ఆ తర్వాత సైన్యాధిపతి రిజ్‌తో ఎందుకు పంచుకోవాల్సి వచ్చింది? ప్రెసిడెంటు ఎన్నిక పద్ధతి కూడా ఎవరైనా అంకెలతో చెప్తారా?

గెజిట్_గుమాస్తా:

ఎన్నిక ముందు. 16, 17 అధికరణాల ప్రకారం ఎలెక్టర్ల సభ 80 మంది. సెయ్మ్ ఎన్నుకునేవాళ్ళు 50, సెనేట్ ఎన్నుకునేవాళ్ళు 25, హోదా వల్ల వచ్చేవాళ్ళు ఐదుగురు: సెనేట్ అధ్యక్షుడు, సెయ్మ్ స్పీకర్, ప్రధాని, సుప్రీంకోర్టు మొదటి అధ్యక్షుడు, సైన్యం ఇన్‌స్పెక్టర్ జనరల్. ఈ ఐదుగురిలో చివరి ముగ్గురినీ నియమించేది ప్రెసిడెంటే. సెనేట్ 96 మందిలో 32 మంది కూడా ఆయన నియమించినవాళ్ళే. ఆ 80 మంది ఒక అభ్యర్థిని చెప్తారు. దిగిపోయే ప్రెసిడెంటు ఊరుకుంటే ఆ అభ్యర్థే ప్రెసిడెంటు. ఆయన ఇంకొకరి పేరు చెప్తే ఇద్దరి మధ్య ప్రజల ఓటు. పదవీకాలం ఏడేళ్ళు.

మంత్రి సంతకం అక్కర్లేని అధికారాలు 13వ అధికరణంలో ఉన్నాయి. ప్రధానిని పెట్టడం, తీయడం, ప్రధాన సేనాపతిని పెట్టడం, తీయడం, సెనేటర్ల నియామకం, సభల రద్దు, మంత్రుల్ని ట్రిబ్యునల్‌కి పంపడం, క్షమాభిక్ష. వీటో ఉంది, కానీ అది ఆలస్యం చేసే వీటోనే: 30 రోజుల్లో బిల్లు వెనక్కి పంపితే, తర్వాతి సాధారణ సమావేశంలో రెండు సభలూ మొత్తం సభ్యుల్లో సగానికి మించి మళ్ళీ ఆమోదిస్తే సంతకం పెట్టాల్సిందే. సెయ్మ్ అవిశ్వాసం పెట్టి నెగ్గితే ప్రెసిడెంటుకి మూడు రోజులు. మంత్రివర్గాన్ని తీయొచ్చు, సభల్ని రద్దు చేయొచ్చు, రెండూ చేయకపోతే సంగతి సెనేట్‌కి వెళ్తుంది. సెనేట్ కూడా సరేనంటే తీయాలి, లేదా అప్పుడైనా రెండు సభల్నీ రద్దు చేయాలి. 1926 నాటి ‘రాజీనామా, మళ్ళీ అదే నియామకం’ ఆటని చట్టబద్ధం చేసి, మెట్లు పెట్టారన్నమాట.

ఇక పంచుకోవడం. రాజ్యాంగం ఒక కొలతకి కుట్టారు, తీరా తొడిగేవాడు లేకుండా పోయాడు. 1935 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది, మే 12న పిల్సుద్‌స్కీ చనిపోయాడు. పిల్సుద్‌స్కీకి దగ్గరివాడు, అప్పటి ప్రధాని వలేరి స్లావెక్ శిబిరం ఏమనుకుందంటే, కొత్త రాజ్యాంగం వచ్చింది కాబట్టి మోష్చిత్స్కి దిగిపోతాడు, స్లావెక్ ప్రెసిడెంటు అవుతాడు. మోష్చిత్స్కి దిగలేదు. 1933 మేలో రెండోసారి ఎన్నికయ్యాడు కాబట్టి గడువు 1940 దాకా ఉంది, కొత్త పాఠం దాన్ని కత్తిరించలేదు. అధికారిక చర్యలకి ప్రెసిడెంటు ఎవరికీ బాధ్యుడు కాడని 15వ అధికరణం చెప్తుంది. ఆ రాజ్యాంగాన్ని రాయించినవాళ్ళ దగ్గరే ఆయన్ని దించే తాళం లేదు.

కానీ మోష్చిత్స్కి తన గుంపుని నిలబెట్టుకోవాలంటే సైన్యం కావాలి, అది రిజ్ చేతిలో ఉంది. 1936 జులైలో ప్రధాని స్క్లద్‌కోవ్‌స్కి ఒక సర్క్యులర్ పంపాడు: ప్రెసిడెంటు తర్వాత దేశంలో మొదటి వ్యక్తి జనరల్ రిజ్, ప్రధానితో సహా అధికారులందరూ ఆయనకి గౌరవం, విధేయత చూపాలి. రాజ్యాంగంలో అలాంటి పదవి ఎక్కడా లేదు. ఇన్‌స్పెక్టర్ జనరల్ ప్రెసిడెంటు నియమించే అధికారి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయొచ్చు. 81 అధికరణాల రాజ్యాంగం పక్కన ఒక ఆఫీసు సర్క్యులర్ నిలబడింది.

స్లావెక్‌కి మిగిలింది ఇంకా విడ్డూరం. 1938 జూన్‌లో సెయ్మ్ స్పీకర్‌గా ఉన్న త్సార్ చనిపోయాక సభ్యులు స్లావెక్‌ని ఎన్నుకున్నారు. 1940 ప్రెసిడెంటు ఎన్నికలో ఎలెక్టర్ల సభకి డిప్యూటీ చైర్మన్ సెయ్మ్ స్పీకరే. సెప్టెంబరు 13న ప్రెసిడెంటు రెండు సభల్నీ రద్దు చేశాడు. 13వ అధికరణం, మంత్రి సంతకం అక్కర్లేదు. తర్వాతి ఎన్నికల్లో స్లావెక్ ఓడిపోయాడు. నియోజకవర్గానికి ఇద్దరు సభ్యులు, అభ్యర్థుల్ని జిల్లా సభలు వడపోసి పంపడం అనే 1935 ఎన్నికల చట్టం ఆయన హయాంలోదే.

నాలుగో_రీడింగ్:

దీనికి తోక ఒకటి ఉంది, ఎక్కువమంది వదిలేస్తారు. 24వ అధికరణం: యుద్ధం వస్తే ప్రెసిడెంటు గడువు శాంతి ఒప్పందం జరిగిన మూడు నెలల దాకా సాగుతుంది. ఈలోగా పదవి ఖాళీ అయితే ఎవరు రావాలో ఆయనే ప్రత్యేక ఉత్తర్వుతో చెప్పి, ప్రభుత్వ గెజిట్‌లో అచ్చు వేయించాలి. సభ లేదు, ఓటు లేదు, ఒక్క సంతకం, ఒక్క అచ్చు కాగితం.

1939 సెప్టెంబరు 1న మోష్చిత్స్కి రిజ్ పేరు చెప్పాడు. 17న రుమేనియా సరిహద్దు దాటాక ఇద్దరూ నిర్బంధంలో పడ్డారు. వారసుడు కూడా లోపలే ఉంటే ఉపయోగం లేదు కాబట్టి, రోమ్‌లో రాయబారిగా ఉన్న వియెన్యావా-ద్లుగోషోవ్‌స్కి పేరు రాశారు. తేదీ సెప్టెంబరు 17, చోటు కుటీ, అంటే ఇంకా పోలండ్ నేల మీద ఉండగా సంతకం చేసినట్టు. అచ్చయింది మాత్రం పారిస్‌లో వేసిన ‘మోనితోర్ పోల్‌స్కి’ గెజిట్‌లో. ఫ్రాన్స్ ఒప్పుకోలేదు. దాన్ని మార్చి వ్లదిస్లావ్ రచ్‌క్యెవిచ్ పేరు పెట్టారు. ఆయన సెప్టెంబరు 30న పారిస్‌లోని పోలండ్ రాయబార కార్యాలయంలో ప్రమాణం చేశాడు. ఆ నవంబరు 30న, తన విశేషాధికారాలు ప్రధానితో సంప్రదించే వాడతానని మాటిచ్చాడు. 1935 పాఠంలో ఒక్క అక్షరం మారలేదు, సగం అధికారం మాత్రం ప్రధాని సికోర్‌స్కి వైపు జరిగింది.

యుద్ధం ముగిసినా శాంతి ఒప్పందం మీద సంతకం పడకపోవడంతో ఆ ‘మూడు నెలలు’ మొదలవలేదు. 1954లో లండన్‌లోని పోలండ్ ప్రవాస ప్రభుత్వంలో ఇదే క్లాజు తగువు తెచ్చింది. ప్రవాస ప్రెసిడెంటు జలెస్కి ఏడేళ్ళకి దిగుతానన్నవాడు దిగలేదు, 24వ అధికరణం చూపించాడు. ప్రవాసులు రెండు ముక్కలై 1972 దాకా అలాగే ఉన్నారు. చివరికి ఆఖరి ప్రవాస ప్రెసిడెంటు కచోరోవ్‌స్కి 1990 డిసెంబరు 22న అధికార చిహ్నాల్ని దేశంలో ఎన్నికైన ప్రెసిడెంటు వాలెసాకి అప్పగించాడు.

అభ్యంతరం_అధ్యక్షా:

266 లెక్క 1935తో ఆగలేదు, అదొక్కటి చెప్పి వదిలేస్తాను. 1944 జులై 22న మాస్కో అండతో వచ్చిన కమిటీ తన మేనిఫెస్టోలో 1935 రాజ్యాంగం అక్రమం, ఫాసిస్టుది, చెల్లేది 1921దే అని ప్రకటించింది. లండన్‌లోని ప్రవాస ప్రభుత్వం నిలబడింది 1935 పాఠం మీద, అందుకని. ప్రతిపక్షం అప్పట్లో చేసిన వాదన వీళ్ళకి అక్కరకొచ్చింది. అయితే 1921 పాఠంలో 111 మంది సెనేట్ ఉంది. వీళ్ళు నడిపింది ఒకే సభ. సెనేట్ ఎత్తేయాలా అని జనాన్ని అడిగింది రెండేళ్ళ తర్వాత, 1946 జూన్ 30న.